మోటుపల్లి అభయశాసనదాత గణపతిదేవ చక్రవర్తి

నెల్లూరు తీరమున పుట్టి పెరిగినవారికి సముద్రము ఎట్టిదో ఒకరు చెప్పనక్కఱలేదు. ఏడాదిలో అధికభాగము అది అన్నము పెట్టు తల్లివలె నుండును. ఆశ్వయుజ కార్తికములలో వాయుగుండము పట్టినచో ఆ తల్లియే కాళికయై నిలుచును. దుగరాజపట్నము మొదలు కృష్ణపట్నము, రామాయపట్నము, కొత్తపట్నము మీదుగా మోటుపల్లి వఱకు సాగు ఈ ఇసుకతీరమున నాటినుండి నేటివఱకు ఎన్ని ఓడలు పగిలినవో లెక్క చెప్పగలవారు లేరు.

పూర్వకాలమున ఓడ పగిలి సరకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చినచో ఆ సరకు ఓడ యజమానికి దక్కెడిది కాదు. తీరమునేలు రాజు దానిని తన సొత్తుగా పట్టుకొనెడివాడు. సముద్రుడు కొంత హరింపగా, మిగిలినదానిని రాజభటులు హరించెడివారు. ప్రాణములతో ఒడ్డెక్కిన వర్తకుడు కట్టుబట్టలతో నిలువవలసినదే. ఈ ఆచారమును తన తీరమున మాన్పించి, ఆ మాటను ఱాతిపై చెక్కించి, ఓడవర్తకులకు అభయమిచ్చిన ఆంధ్రప్రభువు కాకతి గణపతిదేవుడు.

గణపతిదేవుడనగా ఓరుగంటి కోట, రుద్రమదేవి తండ్రి యను రెండు మాటలే సామాన్యముగా స్మరణకు వచ్చును. ఆయన యుద్ధములను గూర్చియు, దేవాలయములను గూర్చియు పెద్దలు విస్తారముగా వ్రాసియున్నారు. కాని దేశాంతర వాణిజ్యమునకు మూలసూత్రమేదో గ్రహించి, దానిని రాజశాసనముగా మలచిన పాలకుడుగా ఆయనను తలచుకొనువారు తక్కువ. సముద్రముపై బ్రతుకు మన తీరవాసులకు ఆయన చరిత్రలో ఈ భాగమే మిక్కిలి తెలియదగినది.

బాల్యము, చెఱ

కాకతీయులు మొదట పశ్చిమ చాళుక్యులకు సామంతులై అనుమకొండను ఏలినవారు. గణపతిదేవుని పెదతండ్రి రుద్రదేవుడు స్వతంత్రుడై రాజ్యమును విస్తరించెను. అనుమకొండలోని వేయిస్తంభముల గుడి 1163లో ఆయన కట్టించినదే. దేవగిరి యాదవులతో జరిగిన పోరులో రుద్రదేవుడు మరణించెను. ఆయన తమ్ముడు మహాదేవుడు గద్దెనెక్కి, కొలదికాలములోనే ఆ దేవగిరివారి మీదికి దండెత్తి తానును యుద్ధమున కూలెను. మహాదేవుని కుమారుడైన గణపతి శత్రువుల చేత చిక్కి బందీయయ్యెను.

పెదతండ్రి పోయెను, తండ్రి పోయెను, యువరాజు చెఱలో నుండెను. సామంతులు తలలెత్తిరి, పొరుగురాజులు పొంచియుండిరి. ఆ కష్టకాలమున రాజ్యము ముక్కలు కాకుండ నిలిపినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. సింహాసనమును తాను ఆక్రమింపగల బలముండియు, ఏలిక తిరిగివచ్చువఱకు దానిని కాపాడిన స్వామిభక్తుడాయన. తుదకు యాదవరాజు జైతుగి గణపతిని విడిచిపుచ్చగా, 1199లో ఆయన కాకతీయ రాజ్యభారమును వహించెను. అప్పటినుండి ఇంచుమించు అఱువది యేండ్లకు పైగా ఆయన పాలన సాగినది. అంత దీర్ఘకాలము ఏలిన ప్రభువులు ఆంధ్రదేశ చరిత్రయందు అరుదు.

సముద్రతీర విజయము

అనుమకొండ, ఓరుగల్లు మెట్టసీమలోనివి. పట్టాభిషిక్తుడైన గణపతిదేవుని చూపు మొదట తూర్పు తీరముపై పడినది. 1201 ప్రాంతమున ఆయన సేనలు బెజవాడను పట్టుకొని కృష్ణ దాటి వెలనాటిపై నడచినవి. వెలనాటి పృథ్వీశ్వరుడు ఓడిపోయెను. కృష్ణానది సముద్రమున కలియుచోట దివిసీమను ఏలుచుండిన అయ్యవంశపు పినచోడి వారును లోబడిరి.

ఓడినవారిని గణపతిదేవుడు ఆదరించిన తీరు గమనింపదగినది. దివి రాజ్యమును ధ్వంసము చేయక, ఆ ప్రభువుతో వియ్యమంది, ఆ యింటి ఆడపడుచులు నారమ, పేరమలను వివాహమాడెను. వారి తమ్ముడు జాయపను తన కొలువునకు తెచ్చి, విద్యాబుద్ధులు చెప్పించి, గజసేనకు అధిపతిని చేసెను. ఆ జాయపయే కాలక్రమమున నృత్తరత్నావళి యను నాట్యశాస్త్ర గ్రంథమును రచించి కీర్తిగాంచెను. పగవాని కుమారుడు రాజ్యమునకు అలంకారమయ్యెను. భయముచేత కాక నమ్మకముచేత మనుష్యులను కట్టివేయు ఈ నేర్పే తరువాత మోటుపల్లి రేవునందును కానవచ్చును.

చెఱువులు, పంటలు, సంతలు

అమ్ముటకు సరకు లేనిదే రేవు వలన ప్రయోజనము లేదు. తెలంగాణపు మెట్టభూములలో నీరున్నచోట పంట కలదు. నీరు లేనిచోట ముండ్లపొద కలదు. గణపతిదేవుని కాలమున ఆయన సేనానులును మంత్రులును పోటీపడి చెఱువులు త్రవ్వించిరి. రేచర్ల రుద్రుడు పాలంపేటలో చెఱువు కట్టించి, దాని దాపున 1213లో రామప్ప దేవాలయమును నిలిపెను. ఆ దేవాలయమును 2021లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించెను. జగదాల ముమ్మడి కట్టించిన పాకాల చెఱువు శతాబ్దములు గడచినను పొలములకు నీరిచ్చుచు వచ్చినది.

రాజధాని అనుమకొండనుండి ఓరుగంటికి మాఱినది. రుద్రదేవుడు పునాది వేసిన కోటకు గణపతిదేవుడు ఱాతిగోడ కట్టించెను. కోటచుట్టును పేటలు వెలసినవి. నానాదేశి పెక్కండ్రు అను వర్తకసంఘములవారు దూరదేశములనుండి వచ్చి అంగళ్ళు తెఱచిరి. మెట్టనుండి నూలుబట్టలు బండ్లపై తీరమునకు దిగెడివి. తీరమునుండి ఉప్పు మెట్టకెక్కెడిది. చేనేతపని నాటికే మన దేశమున పండిన విద్య. వజ్రములకు కృష్ణాతీరము ప్రసిద్ధి.

ఇక రాజునకు కావలసిన సరకులలో కొన్ని ఈ దేశమున దొరకెడివి కావు. మేలుజాతి గుఱ్ఱములు అరబ్బు దేశమునుండి సముద్రముపై రావలసినవే. గుఱ్ఱములు లేనిదే ఆ కాలమున సైన్యము లేదు. కర్పూరము, చందనము, పగడములు, పట్టునూలు మున్నగునవియు ఓడలపైననే వచ్చెడివి. ఓరుగంటి కోటబలము మోటుపల్లి రేవుతో ముడిపడినదని చెప్పిన అతిశయోక్తి కాదు.

మోటుపల్లి శాసనము

మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలో చినగంజాము మండలమున సముద్రము ఒడ్డుననున్న చిన్న గ్రామము. గణపతిదేవుని నాటికి అది దేశుయ్యక్కొండపట్టణమను మాఱుపేరు గల మహారేవు. చోళుల పలుకుబడి ఆ రేవుపై నడచిన రోజులలో కలిగిన పేరది. అక్కడి వీరభద్రాలయ మండపములోని ఱాతిస్తంభముపై గణపతిదేవుడు చెక్కించిన శాసనము శక సంవత్సరము 1166, క్రోధి నామ సంవత్సరము నాటిది. క్రీస్తుశకమున అది 1244-45 అగును. క్రోధి సంవత్సరము మరల 2024లో వచ్చినది. అనగా ఆ శాసనము పుట్టి అఱువదేండ్ల చక్రములు పదుమూడు తిరిగినవి.

శాసనమున ముందు కాకతీయుల వంశవర్ణన కలదు. ఆ పిమ్మట ద్వీపాంతరములనుండియు, దేశాంతరములనుండియు, పట్టణములనుండియు రాకపోకలు చేయు ఓడవర్తకులను సంబోధించి రాజు అభయమిచ్చుచున్నాడు. దాని తాత్పర్యమిది. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు పోవుచు తుపానులో చిక్కి, పగిలి, తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సమస్తమును పూర్వరాజులు బలాత్కారముగా పుచ్చుకొనుచుండిరి. ధనము ప్రాణముకంటెను మిన్నయని తలచి మహాసాహసముతో సముద్రయానము చేయువారికి, దయతోడను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును, నిర్ణయించిన సుంకము తప్ప తక్కినదంతయు విడిచిపెట్టబడినది.

ఆ నిర్ణీత సుంకమునకు శాసనమున క్లుప్తశుల్కమని పేరు. వచ్చు సరకుకును పోవు సరకుకును ముప్పదింట ఒక పాలు. అనగా నూటికి మూడున్నూ, మూడింట ఒక వంతు. దానిపై కొన్ని సరకులకు విడివిడిగా ధరవరలు వ్రాయబడినవి. శ్రీగంధము, కర్పూరము, చీనీ కర్పూరము, ముత్యములు, పన్నీరు, ఏనుగుదంతము, జవ్వాజి, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు మొదలగునవి ఆ పట్టికలో కలవు. ఈ పట్టికను చదివినవారికి ఒకవైపు చీనా, మఱియొకవైపు మలయాళము, అరబ్బు దేశము కన్నులకు కట్టును. మన ఇసుకరేవులో ఇన్ని దేశముల సరకు దిగెడిది.

ఇందులో రెండు వాగ్దానములు కలవు. ఆపద వచ్చినప్పుడు మీ సొత్తు మీదే యనునది మొదటిది. ఆపద లేనప్పుడు మీరు చెల్లింపవలసినది ఇంతే యనునది రెండవది. ఈ రెండును రేవులో నిలిపిన ఱాతిపై నుండినవి గాన, సరకు దించు ప్రతి వర్తకుడును చూచుకొనవచ్చును. సుంకరి అధికముగా అడిగినచో వేలెత్తి చూపుటకు ఆధారము కలదు. తాళపత్రముపై వ్రాసినది కొలువులో దాగును. ఱాతిపై చెక్కినది దాగదు.

ఇట్టి నియమము ఆ కాలమున లోకమందంతటను ఉండినదని భావింపరాదు. ఇంగ్లాండు దేశమున 1275లో మొదటి ఎడ్వర్డు రాజు చేసిన వెస్టుమినిస్టరు చట్టమున, పగిలిన ఓడనుండి మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణముతో బయటపడినచో ఆ ఓడను దిక్కులేని సొత్తుగా పరిగణింపరాదని నిర్ణయించిరి. ప్రాణి బ్రతికినదా లేదా యను విచారణ అక్కడ మిగిలియేయున్నది. మోటుపల్లి శాసనము అంతకు ముప్పదియేండ్లు ముందుదియే కాక, అట్టి షరతు ఏదియు లేనిది.

శాసనములోని అర్థశాస్త్రము

రాజు దయాళువై యుండవచ్చును. కాని దయ యొక్కటియే ఇందుకు కారణమనుకొనినచో గణపతిదేవుని బుద్ధికి అన్యాయము చేసినవారమగుదుము. లెక్క వేసి చూచిన సంగతి తేటపడును. ఒక ఓడలో మూడువందల మాడల సరకు కలదనుకొందము. ముప్పదింట ఒక పాలు చొప్పున రాజునకు పది మాడల సుంకము ముట్టును. ఆ ఓడ పగిలి సగము సరకు ఒడ్డునకు వచ్చినచో, పాత ఆచారము ప్రకారము రాజు నూటయేబది మాడలు ఒక్కసారి పట్టుకొనవచ్చును. ఆ వార్త విని జడిసి పదునైదు ఓడలు మఱియొక రేవునకు మళ్ళినచో ఆ లాభము అక్కడికక్కడ సరి. పదునాఱవ ఓడనుండి రాజునకు నష్టమే. ఒక సంవత్సరము మళ్ళిన వర్తకుడు మఱుసటి సంవత్సరమును రాడు. తన బంధుమిత్రులకును రావద్దని చెప్పును. బంగారు గ్రుడ్లు పెట్టు బాతును కోసినవాని కథ ఇదియే.

వర్తకుని వైపునుండి చూచినను అంతే. ఓడ కట్టుటకు, నావికులను కుదుర్చుకొనుటకు, సరకు కొనుటకు అతడు ముందుగానే ధనము వెచ్చింపవలెను. వెచ్చించిన పిమ్మట అది వెనుకకు రాదు. గాలివానను అతడు తప్పింపలేడు. రాజు ఏమి చేయునో యను భయము కూడ దానికి తోడైనచో, తెలివిగలవాడు ఇల్లు కదలడు. సుంకము హెచ్చైనను తెలిసియున్నచో ధరలో కలుపుకొని బేరము సాగించును. తెలియని సుంకమును ఏ ధరలోను కలుపుకొనలేడు. తెలిసిన భారముకంటె తెలియని భయమే వర్తకమును ఎక్కువగా చంపును. ఇది గ్రహించినవాడు గణపతిదేవుడు.

ఈ సంగతినే ఇటీవలి కాలమున అర్థశాస్త్రజ్ఞులు విశ్వవిద్యాలయములలో పరిశోధించిరి. మార్క్ మెలిట్జ్ 2003లో ప్రకటించిన సిద్ధాంతము ప్రకారము, పరదేశమునకు సరకు పంపుటకు ప్రతి సంస్థయు ముందుగా కొంత స్థిరవ్యయము భరింపవలెను; ఉత్పాదకశక్తి అధికముగా గలవే ఆ వ్యయమును తట్టుకొని విదేశ విపణిలో ప్రవేశించును; వాణిజ్యము తెఱచుకొనిన కొలది సమర్థములు పెరిగి, అసమర్థములు తప్పుకొనును; అందువలన దేశము మొత్తముమీద ఉత్పాదకత హెచ్చును. కైల్ హాండ్లీ, నూనో లిమావో అను ఇరువురు 2015లో పోర్చుగల్ దేశపు సంస్థల లెక్కలు పరిశీలించిరి. ఆ దేశము 1986లో ఐరోపా సమాజమున చేరినది. అంతకు ముందే అక్కడ దాని సరకుపై సుంకములు స్వల్పముగానే యుండినవి. అయినను అవి ఎప్పుడు పెరుగునో యను అనుమానము తొలగినంతనే అనేక సంస్థలు క్రొత్తగా ఎగుమతికి పూనుకొనినవని వారు కనుగొనిరి. సుంకము తగ్గుట ఒక యెత్తు. అది పెరుగదను నమ్మకము మఱియొక యెత్తు.

1947లో భారతదేశముతో సహా ఇరువదిమూడు దేశములు కుదుర్చుకొనిన సుంకముల ఒడంబడికయందును ముఖ్యాంశమిదియే. ఒక్కొక్క దేశము ఫలానా సరకుపై ఇంతకు మించి సుంకము వేయనని పట్టికలో వ్రాసి కట్టుబడును. క్లుప్తశుల్కమను మాటకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానము దొరకదు. ఆ పండితులు మోటుపల్లిని చూచి తమ సిద్ధాంతములు వ్రాసినవారు కారు. గణపతిదేవుడు సిద్ధాంతము చదివి శాసనము చెక్కించినవాడును కాడు. రేవులోని అనుభవమొకటి, విద్యాలయములోని పరిశోధన యొకటి వేఱువేఱు త్రోవలలో నడచి ఒక్కచోటికే చేరినవి.

దీని ఫలము రేవుతోనే ఆగదు. ఓడ తప్పక వచ్చునని తెలిసిన వర్తకుడు సాలెవానికి ముందుగా బయానా ఇచ్చును. బయానా అందిన సాలెవాడు రెండవ మగ్గము వేసుకొనును; పొరుగు కుఱ్ఱవానికి పని నేర్పును; దూరదేశమువారు కోరు సన్ననినూలు, క్రొత్త అంచు, క్రొత్త రంగు ప్రయత్నించును. రేవు మూతపడినచో ఆ మగ్గము అటకెక్కును. రాజు ఇచ్చిన మాట వర్తకుని చేతిమీదుగా సాలెవాని గుంతమగ్గము వఱకు దిగివచ్చును.

నెల్లూరితో అనుబంధము

నెల్లూరు రాజ్యమును తెలుగుచోడులు ఏలుచుండిరి. తిక్కభూపాలుని పిమ్మట ఆయన కుమారుడు మనుమసిద్ధి సింహాసనమెక్కెను. దాయాదులైన అక్కన, బయ్యన అనువారు ఆయనను వెడలగొట్టి రాజ్యమును ఆక్రమించిరి. సిద్ధేశ్వరచరిత్ర చెప్పిన కథ ప్రకారము, మనుమసిద్ధి పక్షమున కవిబ్రహ్మ తిక్కన సోమయాజి ఓరుగంటికి రాయబారమేగెను. గణపతిదేవుడు ఆ మహాకవిని గౌరవించి, ఆయన నోట భారతకథ విని, ఆయన కోరిక మన్నించి సేనను నడపించెను. మనుమసిద్ధికి నెల్లూరు మరల దక్కినది. తిక్కన నిర్వచనోత్తర రామాయణము అంకితమందినది ఈ మనుమసిద్ధియే.

కాకతీయసేనలు నెల్లూరితో ఆగక కంచి వఱకు నడచినవి. 1249లో గణపతిదేవుని మంత్రి సామంతభోజుడు కంచి ఏకామ్రనాథునకు దానము చేసినట్లు శాసనము కలదు. ఈ విధముగా దివిసీమ మొదలు పాలారు వఱకు తీరమంతయు ఆయన మాటకు లోబడినది. కృష్ణపట్నమునకు ఆ శతాబ్దమున గండగోపాలపట్టణమను పేరుండినది. అక్కడికి వచ్చు పలుదేశముల వర్తకులు తమ ఓడసరకుపై కొంత పాలు మనుమసిద్ధీశ్వరాలయమునకు ఇచ్చుటకు ఒడంబడిరని శాసనమువలన తెలియుచున్నది. వర్తకులు గుంపులు గుంపులుగా వచ్చి, తమలో తాము కూడి నిర్ణయములు చేసికొనునంత నెమ్మది ఆనాటి నెల్లూరు తీరమున నెలకొనియుండినదన్నమాట.

ముత్తుకూరు

గణపతిదేవునకు పుత్రసంతానము లేదు. కుమార్తె రుద్రమదేవిని పుత్రునివలె పెంచి, రాజ్యమునకు వారసురాలిగా నిర్ణయించి, 1260 ప్రాంతమునుండి ఆమెతో కలిసి పాలించెను. ఆడుదానికి కిరీటమా యని గొణిగిన సామంతులు లేకపోలేదు. ఆ వృద్ధరాజు వారి గొణుగుడును లక్ష్యపెట్టలేదు.

అట్టి సమయమున దక్షిణమునుండి జటావర్మ సుందరపాండ్యుడు ప్రళయమువలె విఱుచుకొనిపడెను. కంచి పోయినది. 1263 ప్రాంతమున నెల్లూరికి తూర్పుగా, కృష్ణపట్నము రేవు దాపుననున్న ముత్తుకూరు కడ కాకతీయసేన పాండ్యులతో తలపడి ఓడిపోయినది. విజేత నెల్లూరిలో వీరాభిషేకము చేసికొనెను. అఱువదేండ్లుగా విస్తరించిన రాజ్యపు దక్షిణభాగము కొలదినాళ్ళలో చేయిజాఱినది. గణపతిదేవునకు తగిలిన దెబ్బలలో ఇంత పెద్దది మఱియొకటి లేదు. ఆ తరువాత పాలనభారము క్రమముగా రుద్రమదేవి చేతికి వచ్చినది. చెఱతో ప్రారంభమైన ఆయన జీవితము ఓటమితో ముగిసినది.

ఇందులో ఒక విశేషము కలదు. కత్తితో గెలిచిన కంచియు, నెల్లూరును కత్తితోనే పోయినవి. మాటతో గెలిచిన వర్తకుల విశ్వాసము మాత్రము పోలేదు.

శాసనము నిలిచిన తీరు

13వ శతాబ్ది చివరి దశకములలో వెనీసు యాత్రికుడు మార్కోపోలో తూర్పుతీరము వెంట పోవుచు మోటుపల్లి రాజ్యమును గూర్చి వ్రాసెను. అక్కడ రాణి న్యాయముతో పాలించుచున్నదనియు, వజ్రములు దొరకుననియు, సాలెపట్టువంటి సన్నని బట్టలు నేయుదురనియు ఆయన వర్ణించెను. ఆమెను రాజు భార్యగా ఆయన పొరబడెను. ఆమె గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి. తండ్రి తెఱచిన రేవు కుమార్తె కాలమున లోకప్రసిద్ధి పొందినదనుటకు ఇంతకంటె సాక్ష్యమక్కఱలేదు.

1323లో ఢిల్లీసేనలు ఓరుగల్లును పట్టుకొనినవి. కాకతీయవంశము అంతరించినది. దేశము అల్లకల్లోలమైనది. ఆ కల్లోలమునుండి తేఱుకొనిన కొండవీటి రెడ్డిరాజులలో అనవోతారెడ్డి 1358లో ఆ మోటుపల్లిలోనే మఱియొక శాసనము వేయించెను. అది సంస్కృతము, తెలుగు, తమిళము అను మూడు భాషలలో నున్నది. మోటుపల్లికి వచ్చి కాపురముండు వర్తకులకు స్థలములిచ్చి ఆదరింతుమనియు, వెళ్ళదలచినవారిని నిర్బంధింపమనియు, తమ సరకును ఇష్టమైనవారికి అమ్ముకొనవచ్చుననియు, సంతానము లేక మరణించినవాని సొత్తును రాజు పుచ్చుకొనడనియు, కొన్ని సరకులపై సుంకము తగ్గించితిమనియు ఆయన ప్రకటించెను. వంశము మాఱినను, రాజధాని మాఱినను, మోటుపల్లిలో రాజు వర్తకునకు మాటయిచ్చు సంప్రదాయము మాఱలేదు. నూటపదునాలుగేండ్ల క్రిందట ఒక రాజు నాటిన విత్తనము మఱియొక వంశపు రాజు కాలమున మరల చిగిర్చినది.

కాలగతిని మోటుపల్లి క్షీణించినది. ఓడలు పెద్దవైనకొలది లోతులేని రేవులు వెనుకబడుట సహజము. 17వ శతాబ్దిలో ఆంగ్లవర్తకులు మన దుగరాజపట్నమున కొంతకాలము గిడ్డంగి నడిపి, 1639లో చెన్నపట్నమునకు అనుమతి సంపాదించి తరలిపోయిరి. రేవులు పుట్టుచుండును, గిట్టుచుండును. 2008లో కృష్ణపట్నమున క్రొత్త రేవు ప్రారంభమైనది. అది ముత్తుకూరు మండలములోనిదే. ఏ నేలమీద గణపతిదేవుని సేన ఓడినదో, ఆ నేల దాపున ద్వీపాంతరముల ఓడలు మరల లంగరు వేసినవి.

గణపతిదేవుని జీవితమున విజయములు పెక్కు, అపజయము పెద్దది. ఆయన కట్టించిన కోటగోడలు శత్రువులను శాశ్వతముగా ఆపలేదు. సేనలు గెలిచిన సీమలు నిలువలేదు. ఒక రేవులో ఒక ఱాతిమీద, తన బలమునకు తానే హద్దు గీచుకొని వ్రాయించిన నాలుగు మాటలు మాత్రము ఆయన వంశమును మించి బ్రతికినవి. బలవంతుడు పుచ్చుకొనగలిగియు పుచ్చుకొనకుండుటయే అభయము. ఆ అభయమున్నచోటికి ఓడ వచ్చును. లేనిచోటు ఎంత మంచి రేవైనను ఇసుకదిబ్బయే. హుల్ట్ష్ పండితుడు పరిష్కరించిన ఆ శాసనపాఠము ఎపిగ్రాఫియా ఇండికా పండ్రెండవ సంపుటమున అచ్చయినది. నాడు మోటుపల్లి రేవులో దిగిన వర్తకుడు చూచుకొనిన మాటను నేడు గ్రంథాలయమున కూర్చుండి ఏ పల్లెవాసియైనను చదువుకొనవచ్చును.